చౌడు నేలకు వెల వచ్చాక

మా తాత ఆస్తి పంచినప్పుడు మామకు నాలుగెకరాల మాగాణి వచ్చింది. మా అమ్మకు ఉప్పుటేరు పక్కన చౌడు నేల వచ్చింది. అందులో అన్యాయం ఉందని ఆ రోజుల్లో ఎవరికీ తోచలేదు, అమ్మతో సహా. సేద్యం చేసేది కొడుకు కాబట్టి పండే నేల కొడుక్కి ఇచ్చాడు. కూతురికి పసుపు కుంకుమల కింద ఏదో ఒకటి ఇవ్వాలి కాబట్టి, ఎవరికీ పనికిరాని ఆ చౌడు రాసిచ్చాడు. అక్కడ ముళ్ల చిల్లచెట్లు తప్ప ఏదీ మొలిచేది కాదు. ఎండాకాలంలో నేలమీద ఉప్పు తెల్లగా పొక్కి, నడిస్తే కాళ్ల కింద పటపటమనేది.

మా ఊరు తోటపల్లి గూడూరు మండలంలో ఉంది. తూర్పు గాలి వీచిందంటే ఆరేసిన బట్టలు కూడా ఉప్పగా ఉండేవి. మామ మా అమ్మకు అన్న. ఆయన ఇల్లూ మా ఇల్లూ పక్కపక్కనే. మా నాయనది కొడవలూరు దగ్గర పల్లె. అక్కడ ఆయన వాటాకు చెప్పుకోదగ్గది ఏమీ రాలేదు. పెళ్లయిన కొత్తలో నాట్లకు సాయం చేద్దామని వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. మామ మాగాణిని ఇద్దరూ కలిసి సేద్యం చేసేవాళ్లు, పండింది పంచుకునేవాళ్లు. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్లు. ఆ పిలుపులో గౌరవం ఉండేది కాదు, అరుపు ఉండేది.

"బావా, తూము ఎవరు తెరవమన్నారు నిన్ను? నారు కొట్టుకపోయింది చూడు!"

"నేను తెరవలేదు. నువ్వు మూయలేదు. నీకు మతిమరుపు వచ్చి నా మీద పడతావేంది?"

పొలం గట్టు మీద మొదలైన ఈ గొడవ ఇంటిదాకా వచ్చేది. వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ అరుచుకునేవాళ్లు, అన్నాలు తింటూ అరుచుకునేవాళ్లు. చేయి కడిగాక ఇద్దరూ ఒకే మంచం మీద వెల్లకిలా పడుకుని నిద్రపోయేవాళ్లు. చిన్నప్పుడు నాకు ఆ అరుపులు ఇంట్లో ఫ్యాను చప్పుడు లాంటివి. ఆగితేనే వినిపించేవి.

అమ్మకూ అత్తకూ అరుపులు లేవు. వాళ్ల మధ్య రాకపోకలు ఉండేవి. రుబ్బురోలు మా పెరట్లో ఉండేది, చేతిబోరు వాళ్ల పెరట్లో ఉండేది. పిండి రుబ్బాలంటే అత్త మా వైపు రావాలి, నీళ్లు కావాలంటే అమ్మ అటు వెళ్లాలి. రెండు పెరళ్లకూ మధ్య కంప కూడా లేదు. ఒకరినొకరు వదినా అనుకునేవాళ్లు. చేపలు వచ్చిన రోజు శుభ్రం చేసేది అమ్మ, పులుసు పెట్టేది అత్త. మామిడికాయ ముక్కలు ఎప్పుడు వెయ్యాలో అత్తకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని అమ్మ ఇప్పటికీ అంటుంది. రెండిళ్లకూ ఒకే దాకలో ఉడికేది ఆ పులుసు.

వాళ్లమ్మాయి నాకన్నా కొన్ని నెలలు పెద్ద, వరసకు వదిన. ఇద్దరం ఒకే బడి, ఒకే తరగతి. లంగాలు, ఓణీలు, చెప్పులు, రిబ్బన్లు ఎవరివి ఎవరివో ఇద్దరి అమ్మలకూ తెలిసేది కాదు. నా నీలం లంగా ఆమె ఒంటి మీద, ఆమె పసుపు జాకెట్టు నా ఒంటి మీద ఉండేవి. ఫోటో తీయించుకున్నప్పుడు కూడా అంతే.

ఆదివారాల్లో మామ మమ్మల్ని ఎద్దుల బండిలో చౌడు నేలకు తీసుకెళ్లేవాడు. వంటచెరుకు కోసం చిల్లకంప కొట్టి బండికి ఎత్తేవాడు. మేమిద్దరం ఏటి ఒడ్డున బురదలో పీతల బొక్కలు వెతికేవాళ్లం. అమ్మ కూడా ఒక్కోసారి వచ్చేది. అప్పుడు మామ గొడ్డలి పక్కన పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని, ఆ తెల్లటి నేలనంతా చూపిస్తూ అమ్మతో అనేవాడు.

"చూసినావా పాపా, నాయన నాకు అన్నం ఇచ్చినాడు, నీకు ఉప్పు ఇచ్చినాడు."

"ఉప్పు లేకుండా నీ అన్నం గొంతు దిగుద్దా అన్నా?" అని అమ్మ.

ప్రతిసారీ ఇదే మాట, ప్రతిసారీ ఇదే జవాబు. ప్రతిసారీ ఇద్దరూ కొత్తగా విన్నట్టే నవ్వేవాళ్లు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా దక్షిణం వైపు ఓడరేవు పెద్దదవుతుందని, దానికి రోడ్లు వస్తాయని ఊళ్లో చెప్పుకోవడం మొదలైంది. ఒకరోజు తెల్లకారు మా వాకిట్లో ఆగింది. దారి తప్పి వచ్చారనుకుని నాయన వీధి చివరిదాకా చేయి చూపించి రోడ్డు చెప్పాడు. వాళ్లు దిగి, మీ చౌడు నేల అమ్ముతారా అని అడిగారు. వాళ్లు ఒక ధర చెప్పారు. అది విని నాయన, వాళ్ల కోసం అమ్మ తెచ్చిన రెండు గ్లాసుల మంచినీళ్లూ తనే తాగేశాడు.

నాయన సరే అనేవాడే. మామ పక్కనే కూర్చుని ఆయన తొడ మీద చెయ్యి వేసి నొక్కాడు.

"మా పాప భూమి ఇది. మేం ఆలోచించుకోవాల. మీరు మళ్లీ రాండి," అన్నాడు వాళ్లతో.

వాళ్లు మళ్లీ వచ్చారు. మామ మళ్లీ పంపేశాడు. ఆ చుట్టుపక్కల ఎవరి నేల ఎంతకు పోయిందో సైకిల్ మీద తిరిగి కనుక్కొచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు బేరమంతా ఆయనే ఆడాడు. నాయన స్తంభానికి ఆనుకుని, పరాయివాళ్ల పెళ్లి చూస్తున్నట్టు చూస్తూ కూర్చున్నాడు. చివరికి తెగిన ధర మొదట చెప్పినదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ నోటితో పలకని అంకె అది.

రిజిస్ట్రేషన్ రోజున, రేపు పేచీ రాకుండా అన్న కూడా సంతకం పెట్టాలని కొనేవాళ్లు అడిగారు. మామ పెన్ను తీసుకుని, "నేనా, పేచీనా!" అని నవ్వుతూ పెట్టేశాడు. ఆ సాయంత్రం టీ అంగట్లో అందరికీ తనే టీలు చెప్పాడు. "మా పాప కోటీశ్వరురాలు అయింది అబయా!" అని ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. ఇంటికొచ్చి అమ్మ తల మీద చెయ్యి పెట్టి, అలాగే కాసేపు నిలబడ్డాడు. ఆ రోజు మా రెండిళ్లలో మామ కన్నా ఆనందపడినవాళ్లు లేరు. ఇది నేను కళ్లారా చూశాను. తర్వాత ఎవరెన్ని మాటలు అనుకున్నా, నేను దీన్ని ఎవరి ముందైనా చెప్పగలను.

మార్పు ఎక్కడ మొదలైందో వెతికితే నాకు ముందుగా గుర్తొచ్చేది టీ అంగట్లో కుర్చీ. అప్పటిదాకా నాయన కూడా అందరితో పాటు బల్ల మీద కూర్చునేవాడు. డబ్బులు వచ్చిన కొత్తలోనే, ఆయన రావడం చూసి అంగడాయన లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. వద్దంటే బాగుండదని నాయన కూర్చున్నాడు. బల్ల మీద ఉన్నవాళ్లు కొంచెం సర్దుకున్నారు. మాటలు కూడా సర్దుకున్నాయి. అంతకుముందు నాయన ఏదన్నా అంటే అడ్డం తగిలేవాళ్లు ఇప్పుడు అవునండీ అనసాగారు. నాయన పేరు చివర గారు చేరింది. ఎప్పుడూ చూడని చుట్టాలు శుభలేఖలు పట్టుకుని వచ్చేవాళ్లు. అమ్మ చేతి కాఫీ తాగి, ఎంత బాగుందో అనేవాళ్లు. అమ్మ కాఫీ ఏ రోజూ బాగుండదు.

మామ కూడా "రండి బావగారూ" అన్నాడు ఒకరోజు. అది ఎగతాళే. నాయన కూడా ఎగతాళిగానే "వస్తున్నామండీ" అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత కొన్నాళ్లు అది వాళ్లకు ఒక ఆటయింది. ఆ ఆట ఎప్పుడు ఆగిందో తెలియదు గాని, మీరు అనేది మాత్రం మిగిలిపోయింది. ఒకరోజు మామ గుమ్మంలో నిలబడి, "మీరు భోంచేసినారా?" అని మామూలుగా అడిగాడు. ఎవరూ నవ్వలేదు. నాయన కూడా "ఆ, చేసినా" అని మామూలుగా జవాబు చెప్పాడు.

పాత ఇల్లు కొట్టేసి మేడ కట్టడం మొదలుపెట్టాం. మేస్త్రీ, ఇంత ఇల్లు కట్టి ప్రహరీ లేకపోతే ఎట్టండీ అన్నాడు. గోడ ఎక్కడ రావాలో దారం కట్టి చూస్తుంటే మామ వచ్చాడు. కొలతంతా చూసి, "ఇంకో అడుగు ఇటు జరపండి. వాళ్లకు కారు తిరగాల గదా," అన్నాడు. జరపమన్నది తన పెరటిలోకి. నాయన వద్దు బావా అన్నాడు. మామ వినలేదు, తనే మేకు పీకి తన పెరట్లో పాతాడు. అలా ఆయన ఇచ్చిన అడుగు నేల మీద మా గోడ లేచింది. రోలు కొత్త ఇంట్లో ఎక్కడా ఇమడలేదు. మిక్సీ, గ్రైండరు వచ్చాయి. మేడ మీదికి నీళ్లెక్కే మోటారు వచ్చింది. అత్తకు మా పెరట్లోకి వచ్చే పని పోయింది, అమ్మకు అటు వెళ్లే పని పోయింది. గేటు దాటి, చెప్పులు విడిచి, హాలులో సోఫా దాకా వచ్చి, మామిడికాయ ముక్క ఉందా అని అడగడం అత్తకు చేతకాలేదు.

బట్టల సంగతి కూడా అప్పుడే జరిగింది. నన్ను నెల్లూరులో హాస్టల్లో చేర్చారు. సెలవులకు వచ్చినప్పుడు నా బట్టల్లో మూడు నాలుగు మంచివి తీసి వదినకు ఇచ్చాను. తీసుకుంది. మర్నాడు తను కొత్తగా కుట్టించుకున్న గులాబీరంగు పంజాబీ డ్రెస్సు మడతపెట్టి నాకోసం తెచ్చింది. అమ్మ దాన్ని చూసి, ఎంతో ప్రేమగానే, "దీనికెందుకులే అమ్మా, బోలెడు ఉండాయి. నువ్వే వేసుకో తల్లీ," అంది. వదిన సరేనంది. దాన్ని తీసుకుని వెళ్లిపోయింది. సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్తే, నేనిచ్చిన బట్టలు బీరువా మీద ఒక సంచిలో ఉన్నాయి.

"వేసుకోలా?" అన్నాను.

"మునుపు నీవి నేను వేసుకుంటే నావి నువ్వు వేసుకునేదానివి," అంది వదిన. కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు. "ఇప్పుడు ఇవి ఊరికే వచ్చినట్టు ఉండాయి మే. ఊరికే వచ్చినవి వేసుకుంటే గుచ్చుకుంటాయి."

ఇద్దరం కాసేపు టీవీ చూశాం.

అమ్మకు ఇవన్నీ తెలుస్తూనే ఉన్నాయి. ఒక శుక్రవారం తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని మామ ఇంటికి వెళ్లింది. మామ అప్పుడే పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అత్త లోపల పొయ్యి దగ్గర ఉంది. అమ్మ అన్న పక్కన కూర్చుని, చాలాసేపు వరి ధర గురించి, వేసవిలో వేసే ఎడగారు పంట గురించి అడిగింది. ఆ తర్వాత, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ అంది.

"అన్నా, ఆ చౌడు నాయనది. నాకొక్కదానికే రాసినాడని నాకొక్కదానికే కాదు గదా. సగం నువ్వు తీసుకో."

మామ కాళ్లకు అంటిన బురద గీకుతూ కూర్చున్నాడు.

"ఆ రోజు నేను నవ్వుతా సంతకం పెట్టినా పాపా," అన్నాడు చివరికి. "నవ్వుతా ఇచ్చినదాన్ని ఇప్పుడు ఏడుస్తా తీసుకోమంటావా?"

"ఏడవడం ఎందుకన్నా? నేను మనసారా ఇస్తుంటే."

"నువ్వు మనసారా ఇస్తావు. నేను తీసుకున్నాక ఊరోళ్లు ఏమంటారు? చెల్లెలి దగ్గర వాటా గుంజినాడంటారు. నేను చెయ్యి చాపలేదు, చాపను. ఇంక ఈ మాట ఎత్తొద్దు."

లోపల పొయ్యి దగ్గర గిన్నె చప్పుడు ఆగింది. అత్త గుమ్మం దాకా వచ్చి, అమ్మ వైపు చూసింది, మామ వైపు చూసింది, మళ్లీ లోపలికి వెళ్లింది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. అమ్మ కాసేపు కూర్చుని లేచి వచ్చేసింది. గేటు తీస్తూ, "అన్నకు కోపం వచ్చింది. ఇంక అడగకూడదు," అంది నాతో. నిజంగానే మళ్లీ అడగలేదు.

ఆ రోజు నుంచి అత్త మా ఇంటికి రావడం బాగా తగ్గిపోయింది. పండగలకు వచ్చేది, తాంబూలం తీసుకుని వెళ్లేది. అమ్మ ఏ వస్తువు ఇచ్చినా రెండు చేతులతో తీసుకుని, "ఎందుకు వదినా ఇవన్నీ" అనేది. అంతకుముందు మా ఇంట్లో డబ్బా తీసి చక్కెర తనే పోసుకుపోయిన మనిషి.

వీటన్నిటి మధ్యా ఎక్కువ నలిగింది మా నాయన. సేద్యం మానేశాడు. మానేశాడనడం కన్నా, మానిపించారు అనాలి. మామే, "మీకెందుకు బావా ఈ బురద, హాయిగా ఉండండి," అన్నాడు. హాయిగా ఎలా ఉండాలో నాయనకు తెలియదు. పొద్దున్నే లేచి కారు తుడిచేవాడు. ఎక్కడికీ వెళ్లేది లేదు కాబట్టి, తుడిచిన కారునే మళ్లీ తుడిచేవాడు. పేపరు మొత్తం చదివేవాడు, వేలం ప్రకటనలతో సహా. ఒక్కోసారి చెప్పులు చేత్తో పట్టుకుని పొలం గట్టు దాకా వెళ్లేవాడు. మామ ఆయన్ని చూసి పని ఆపి, తలపాగా తీసి గట్టు దులిపి, "కూర్చోండి" అనేవాడు. నాయన కూర్చునేవాడు కాదు. నీళ్లు ఎక్కువయ్యాయనో, ఎరువు తక్కువయిందనో ఏదో ఒకటి అనేవాడు. "అట్టనే చేస్తా బావా," అనేవాడు మామ వినయంగా. నాయన ఇంటికొచ్చి అన్నం సగం తిని లేచేవాడు.

"తిట్టనన్నా తిట్టడంలేదు నన్ను," అన్నాడు ఒకరోజు అమ్మతో. "నేను చెప్పింది తప్పని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. తప్పు చెప్పినా సరే అంటాడేంది?"

నాయన మెత్తబడిపోవడం మొదలైంది. మనిషి లావయ్యాడు గాని బలం పోయింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఏ జబ్బూ లేదన్నారు. నేను డిగ్రీ రెండో ఏడులో ఉండగా, నాట్ల ముందు, అమ్మ మళ్లీ అన్న ఇంటికి వెళ్లింది. ఈసారి కొత్త చీర కట్టుకోలేదు. పెరటి వైపు నుంచి, గోడ చివర చిన్న సందు ఉంటే అందులోంచి, ఒదిగి ఒదిగి వెళ్లింది. సెలవుల్లో ఉన్న నేను ఆ వైపు కిటికీలో ఉన్నాను. ఇద్దరి మాటలూ వినిపించాయి.

"అన్నా, నాకొకటి కావాల."

"నీకు కావాల్సింది నా దగ్గర ఏముంటది పాపా?" అన్నాడు మామ.

"మా ఆయనకు పని ఇయ్యి."

"పనా?" అన్నాడు మామ.

"నిజంగానే అడుగుతుండా. ఆ మనిషి నాకు దక్కడు ఇట్టయితే. నీ వరి కయ్యల్లో దించు. గౌరవాలు చెయ్యబాక. తిట్టు. మునుపు ఎట్ట తిట్టేవాడివో అట్ట తిట్టు." అంది అమ్మ. "ఇంతవరకూ నిన్ను నేను ఏమీ అడగలేదు. ఇది ఇయ్యి నాకు."

కాసేపటికి మామ నవ్వడం వినిపించింది. ఎన్నాళ్లకో విన్న నవ్వు. "కూలి ఎంత అడుగుతాడు మీ ఆయన?" అన్నాడు.

"ఒకపూట అన్నం పెడితే చాలు."

"ఆయన తినే అన్నానికి నా పంటంతా పోద్ది పాపా!"

మర్నాడు మామ మా గేటు దగ్గర నిలబడి గంట కొట్టలేదు. వీధిలో నుంచే గట్టిగా అరిచాడు. "బావా! నారు పీకేదానికి మనుషులు దొరకలేదు. వస్తావా, పండుకునే ఉంటావా?"

నాయన పంచె ఎగగట్టుకుంటూ మెట్లు దిగిన వేగం నేను మర్చిపోలేను. మొదటిరోజు సాయంత్రానికి నడుము పట్టేసి, వంగి వంగి ఇంటికొచ్చాడు. కాళ్లకు జిగురు మన్ను, మోకాళ్ల మీద జలగలు కరిచిన మచ్చలు. అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు. నాట్లు ముగిసేలోగా ఇద్దరి మధ్యా నీళ్ల గురించి పెద్ద గొడవ జరిగింది. నాయన తూము దగ్గర నిలబడి, "నీ మొహం, ఎవరు నేర్పినారు నీకు సేద్యం?" అంటుంటే, మామ అవతలి గట్టు నుంచి, "నాకు మా నాయన నేర్పినాడు. నీకు ఎవరూ నేర్పలేదు కాబట్టే నేను చెప్తుండా!" అని కేకలు వేశాడు. ఊళ్లో ఎవరో పరిగెత్తుకొచ్చి, అమ్మకు చెప్పారు, బావాబామ్మర్దులు కొట్టుకునేట్టు ఉన్నారని. అమ్మ మేడ మీదికి ఎక్కి, కయ్యల వైపు చెవి పెట్టి, చాలాసేపు అలాగే నిలబడింది. దిగి వచ్చేటప్పుడు కళ్లు తుడుచుకుంది.

మామ పోయేదాకా వాళ్లిద్దరూ అలాగే ఉన్నారు. మామ మూడేళ్ల కిందట పోయాడు. నెల్లూరు ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ నాయన ఆయన మంచం పక్కనే ఉన్నాడు. చివరి రోజుల్లో కూడా, మందు వేసుకోనందుకు నాయన తిట్టడం, మందు చేదుగా ఉందని మామ తిట్టడం. పక్క మంచాలవాళ్లు అన్నదమ్ములా అని అడిగేవాళ్లు. ఆ ఆస్పత్రిలో అన్నీ చూసుకున్నది వదినే. ఆమె నర్సింగ్ చదివి, ఇప్పుడు వెంకటాచలంలో ఒక ఆస్పత్రిలో పనిచేస్తోంది. నేను నెల్లూరులో ఒక స్కూల్లో సోషల్ చెబుతాను. ఇద్దరం కలుస్తుంటాం, ఫోన్లు చేసుకుంటాం. చిన్నప్పటిలా ఉన్నామని చెప్పలేను. ఏదో ఒక చోట మాట ఆగి, ఇద్దరం పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటాం. అది ఆమె తప్పూ కాదు, నా తప్పూ కాదు. మాకు పదిహేనేళ్లప్పుడు ఇద్దరం రెండు వేరే బస్సులు ఎక్కాం, అంతే.

అమ్మా అత్తా మాత్రం మామ పోయిన తర్వాత కూడా మర్యాదగానే ఉండిపోయారు. అత్తకు ఒంటరిగా ఉందని అమ్మ రోజూ వెళ్లి కూర్చునేది. ఏం మాట్లాడుకునేవాళ్లో తెలియదు, ఎక్కువ మాట్లాడుకునేవాళ్లు కాదనుకుంటా. కిందటేడు ఒక ఆదివారం నేను ఊరికి వెళ్లినప్పుడు ఇద్దరూ అత్త ఇంటి వసారాలో రొయ్యలు ఒలుస్తున్నారు. నేను పక్కన కూర్చుని ఒలవబోతే, నీకు రాదు పొమ్మన్నారు. అలా ఒలుస్తూ ఒలుస్తూ, తల ఎత్తకుండానే అత్త అంది.

"ఆ రోజు నువ్వు ఇంకొక్కసారి అడిగి ఉంటే, నేను తీసుకొని ఉందును వదినా."

అమ్మ చేతులు ఆగిపోయాయి. ఏ రోజని అడగలేదు.

"ఆయన పౌరుషం ఆయనది. నాకు పిల్ల ఉండాది, దాని చదువు ఉండాది. నేను గుమ్మంలోకి వచ్చి నిలబడినా గదా. నా వైపు చూసి ఒక్క మాట, ఏం వదినా అని అడిగి ఉంటే చాలు. నువ్వు మా ఆయన్ను అడిగినావు, ఆయన వద్దన్నాడు, లేచి పోయినావు. మాట వరసకు అడిగిందిలే అనుకున్నా నేను. ఇన్నేళ్లూ అదే అనుకుంటా ఉండా."

"అయ్యో వదినా," అంది అమ్మ. "నువ్వు ముఖం తిప్పుకొని లోపలికి పోయినావు. నీకు అవమానం అయిందనుకున్నా. మళ్లీ అడిగితే ఇంకా బాధపడతావని నోరు కట్టేసుకున్నా. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో ఆ మాట."

ఇద్దరూ మళ్లీ రొయ్యలు ఒలవసాగారు. ఆ గుమ్మంలో అత్త చూసిన చూపు ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. పక్కపక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో బతుకుతూ, ఇద్దరూ ఒకరి గురించి ఒకరు ఎంత తప్పుగా అనుకున్నారు!

"ఇప్పుడు తీసుకో వదినా," అంది అమ్మ. "ఇప్పుడైనా తీసుకో. నీకు ఏం కావాల?"

"ఇప్పుడు నాకెందుకు? పిల్ల సంపాదిస్తుండాది," అంది అత్త. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నవ్వింది. "కావాలంటే ఒకటి చెయ్యి. నన్ను కోడూరు సముద్రానికి తీసుకపో. ఇంత దగ్గర ఉండి, పెళ్లయినాక ఎన్నిసార్లు చూసినానో వేళ్ల మీద చెప్పొచ్చు. పని, పని అని ఈ జన్మ అయిపోయింది."

ఆ సాయంత్రమే వెళ్లాం. నేను కారు నడిపాను. అత్త ముందు సీట్లో కూర్చోనంది, అమ్మతో పాటు వెనకే కూర్చుంది. ఏసీ వేస్తే చలి అంది, అద్దం దించితే దుమ్ము అంది. దారి పొడుగునా రొయ్యల గుంటల్లో చక్రాలు తిరుగుతూ నీళ్లు చిమ్ముతుంటే, "అన్నీ కయ్యలే ఒకప్పుడు" అని ఇద్దరూ ఒకరికొకరు చూపించుకున్నారు. సముద్రం దగ్గర జనం బాగానే ఉన్నారు. అత్త చీర మోకాళ్ల దాకా ఎత్తిపట్టి నీళ్లలోకి దిగింది, అల రాగానే అరిచి అమ్మ చెయ్యి పట్టుకుంది. అమ్మ తడవకుండా ఉందామని వెనక్కి లాగింది. ఇద్దరూ తడిశారు.

బయటికొచ్చి ఇసుకలో కూర్చున్నారు. మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆమె దగ్గర మూడు తీసుకున్నాం. నేను పర్సు తీస్తున్నాను. ఈలోగా అత్త తన రవిక లోంచి చిన్న గుడ్డ సంచి తీసి, ముడి విప్పుతోంది. నేను ఏదో అనబోయాను. అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అత్త తీరిగ్గా ముడి విప్పి, నోటు తీసి, ఆమెకు ఇచ్చి, చిల్లర చూసుకుని, మళ్లీ ముడి వేసుకుంది. అమ్మకు పొత్తు అందిస్తూ, "తిను వదినా, వేడి మీద తిను," అంది.

"కారం ఎక్కువ రాయించినావు," అని సణిగి, అమ్మ కొరికింది.